పెద్దవాళ్ల మరుపు, మెదడు రక్తనాళాలు: ఇంట్లో ఏది ముందు చేయాలి, ఏది తర్వాత

"మా అమ్మకు ఈమధ్య మరుపు ఎక్కువైంది, మంచి టానిక్ ఏదైనా ఉంటే చెప్పండి" అని చాలామంది అడుగుతున్నారు. నేను తిరిగి అడిగేది ఒకటే: పోయిన నెలలో అమ్మ బీపీ ఎంత ఉందో చెప్పగలరా? ఎక్కువమంది దగ్గర జవాబు ఉండదు. మా నాన్న విషయంలో నా దగ్గరా లేదు. ఆయనకు బీపీ ఉందని తెలుసు, రోజూ మాత్ర వేసుకుంటున్నారని తెలుసు, అంతే. ఆ మాత్రతో బీపీ అదుపులో ఉందో లేదో మూడేళ్లపాటు ఇంట్లో ఎవరం చూడలేదు. ఆయన నడక నెమ్మదించి, కరెంటు బిల్లు కట్టడానికి కూడా తడబడుతుంటే అప్పుడు కళ్లు తెరిచాం.

అందుకే మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాను, నాన్నను చూసుకుంటున్న మనిషిని. మందు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం డాక్టర్ చేయాల్సిన పని. కానీ ఆసుపత్రికి వెళ్లే ముందు, వచ్చిన తర్వాత ఇంట్లో చేయాల్సింది చాలా ఉంది. అది చెప్పేవాళ్లు తక్కువ.

ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా సులువు. ఒంటి బరువులో మెదడు 2 శాతమే ఉంటుంది, ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు 20 శాతం దానికే కావాలి. మెదడు లోతుల్లోకి ఆ రక్తం వెళ్లేది వెంట్రుకంత సన్నటి నాళాల్లో. ఏళ్ల తరబడి బీపీ, షుగర్, పొగ తగిలితే వాటి గోడలు మందమై బిరుసెక్కుతాయి. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా శివారు ఆయకట్టుకు నీళ్లు అందనట్టే, పెద్ద పక్షవాతం ఏమీ రాకుండానే లోపల చిన్న చిన్న చోట్లు ఎండిపోతుంటాయి. అవి ఒక్కొక్కటీ తెలియవు, కొన్నేళ్లకు కలిసి ఆలోచన వేగాన్ని తగ్గిస్తాయి. చాలామందిలో ఇది అల్జీమర్స్ అనే మరుపు జబ్బుతో కలిసి ఉంటుంది కూడా. ఎండిన చోటు మళ్లీ పచ్చబడదు, దాని పక్క చోటును మాత్రం కాపాడుకోవచ్చు. కింద రాసిందంతా దానికోసమే.

1. రెండు వారాలు రాసిపెట్టండి

ముందు డాక్టర్ దగ్గరికి పరుగెత్తకండి (హఠాత్తుగా వచ్చిన మార్పయితే వేరే, అది కింద చెప్తాను). ఒక నోట్‌బుక్ కొని రెండు వారాలపాటు జరిగింది జరిగినట్టు రాయండి. "మరుపు ఎక్కువైంది" అని రాస్తే ఉపయోగం లేదు. "మంగళవారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి వరండాలో కూర్చుంది, మాడిన వాసన వచ్చినా లేవలేదు" అని రాయండి.

రక్తనాళాల వల్ల వచ్చే మార్పు చాలాసార్లు మరుపులా మొదలవ్వదు, అందుకే ఇంట్లోవాళ్లు పట్టుకోలేరు. వీటిని గమనించండి:

- ఆలోచన నెమ్మదించడం. జవాబు తెలుసు, కానీ రావడానికి చాలాసేపు పడుతుంది. చిన్న గుర్తు ఇస్తే వెంటనే చెప్పేస్తారు.
- వరుసగా చేయాల్సిన పనులు తప్పడం: చీటీ లెక్క, బ్యాంకు పని, పండగ వంట.
- ఆసక్తి పోవడం. రోజూ పేపర్ చదివే మనిషి దాన్ని మడత కూడా విప్పకపోవడం.
- అడుగులు చిన్నవై, కాళ్లు ఈడ్చినట్టు నడవడం, మళ్లేటప్పుడు తూలడం.
- మూత్రం ఆపుకోలేక పరుగెత్తడం.
- చిన్న మాటకే ఏడుపు రావడం, లేదా విసుగు.
- కొన్నాళ్లు నిలకడగా ఉండి ఒక్కసారిగా ఓ మెట్టు దిగినట్టు తగ్గడం.

మా నాన్నకు నడక, మూత్రం, విసుగు మూడూ ఉండేవి. మోకాళ్లనీ, ప్రోస్టేట్ అనీ, వయసనీ వేటికవి విడిగా సర్దిచెప్పుకున్నాం. నోట్‌బుక్‌లో ఒకే పేజీలో పడ్డాకే అవన్నీ ఒకే కథ అని కనిపించింది.

"వయసు కదా" అనే మాట ఇక్కడ చాలా నష్టం చేస్తుంది. మన దేశంలో 60 దాటినవాళ్లలో దాదాపు 7.4 శాతం మందికి డిమెన్షియా (రోజువారీ పనులు తప్పేంతగా జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినడం) ఉందని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అంచనా. అంటే వందలో 92 మందికి పైగా లేదు. కాబట్టి రోజువారీ పనులు తప్పుతున్నాయంటే వయసు మీదికి నెట్టేయకుండా కారణం వెతకాలి.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి వీడియో కాల్లో చూస్తున్నవాళ్లయితే "బాగున్నావా అమ్మా" అని అడగడం చాలదు, "బాగున్నాను నాన్నా" అనే వస్తుంది. "ఇవాళ గుత్తి వంకాయ ఎలా చేశావో మొదటి నుంచి చెప్పు" అనండి. వరుస తప్పుతోందా, మధ్యలో ఆగిపోతోందా వినండి. ఒకసారి ఫోన్ పట్టుకుని హాల్లో అటూ ఇటూ నడవమనండి, పక్కనున్నవాళ్లను వీడియో తీయమనండి. ఆ పది సెకన్ల వీడియో డాక్టర్‌కు చాలా పనికొస్తుంది.

రాయకుండా వెంటనే వెళ్లాల్సిన సందర్భం: నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో అయోమయంగా మారితే, మత్తుగా ఉంటే, లేనివి కనిపిస్తున్నాయంటే అది డిమెన్షియా అనుకుని కూర్చోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం, కొన్ని వారాల కిందట పడిన దెబ్బకు తలలో నెమ్మదిగా చేరిన రక్తం, ఇలాంటివి కారణం కావచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2. బీపీని సరిగ్గా కొలవడం నేర్చుకోండి

ఈ ఒక్క దశ మీద నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. తప్పు అంకెతో మందు పెంచినా ప్రమాదమే, తగ్గించినా ప్రమాదమే.

మెషీన్ జబ్బకు కట్టేది కొనండి, మణికట్టుకు కట్టేది వద్దు. పట్టీ కొలత చూసుకోండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొన్నాక ఒకసారి మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఆయన మెషీన్‌తో పోల్చి చూడండి.

కొలిచే ముందు:

- అరగంట ముందు నుంచి కాఫీ, టీ, చుట్ట, బీడీ ఏవీ వద్దు.
- బాత్‌రూమ్‌కు వెళ్లి రావాలి. మూత్రం బిగబట్టుకుంటే అంకె పెరుగుతుంది.
- వీపు ఆనించే కుర్చీలో 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మంచం అంచున కాళ్లు వేలాడేసి కాదు, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు.
- చేయి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి.
- జబ్బ మీద బట్ట ఉండకూడదు. బిగుతు జాకెట్టు చేతిని పైకి మడిస్తే అదే ఇంకో పట్టీలా నొక్కుతుంది.
- కొలుస్తున్నంతసేపు మాటలొద్దు, టీవీ కట్టేయండి.

మొదటిసారి రెండు చేతులకూ చూడండి, ఎక్కువ వచ్చిన చేతికే ఇక ఎప్పుడూ చూడండి. తర్వాత వరుసగా 7 రోజులు, పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. ప్రతిసారీ నిమిషం తేడాతో రెండు కొలతలు తీసి రెండూ రాయండి. మొదటి రోజువి కొట్టేసి, మిగతా ఆరు రోజుల సగటు తీయండి. ఇంట్లో తీసిన సగటు 135/85, అంతకు మించి ఉంటే ఎక్కువ కిందే లెక్క, డాక్టర్‌కు చూపించాలి.

ఎంతకు దించాలి అన్నది అందరికీ ఒకటే కాదు. అమెరికాలో 50 దాటిన 9 వేల మందికి పైగా చేసిన స్ప్రింట్ మైండ్ పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. పై అంకెను 120 లోపు ఉంచాలని చూసిన గుంపులో, 140 లోపు చాలనుకున్న గుంపు కంటే, డిమెన్షియాకు ముందుండే తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తక్కువగా వచ్చింది. అచ్చంగా డిమెన్షియా విషయంలో మాత్రం తేడా గట్టిగా రుజువు కాలేదు. షుగర్ ఉన్నవాళ్లను, అప్పటికే పక్షవాతం వచ్చినవాళ్లను అందులో చేర్చుకోలేదు. కాబట్టి ఆ 120 చూసి మీ అంతట మీరు మాత్ర పెంచకండి. "మా అమ్మకు ఎంత లక్ష్యం పెట్టుకోవాలి?" అని డాక్టర్‌ను అడిగి, ఆ అంకెను నోట్‌బుక్ అట్ట మీద రాయండి.

నిలబెట్టి కూడా చూడండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 కానీ కింది అంకె 10 కానీ పడిపోతే, లేదా కళ్లు తిరిగితే ఆ సంగతి డాక్టర్‌కు కచ్చితంగా చెప్పాలి. రాత్రి బాత్‌రూమ్‌కు లేచి పడిపోవడం చాలాసార్లు దీనివల్లే.

నాడి పట్టుకోండి. మణికట్టు దగ్గర నాడిని 30 సెకన్లు వేలితో చూడండి. లయ లేకుండా అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంటే ఈసీజీ తీయించాలి. గుండె లయ తప్పితే లోపల గడ్డలు కట్టి మెదడుకు పోయే ప్రమాదం ఉంది, దానికి వేరే మందులున్నాయి. గడియారం ఉన్న ప్రతి ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఇది.

ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు:

- "నార్మల్ వచ్చింది కదా" అని మాత్ర ఆపేయడం. నార్మల్ వచ్చింది మాత్ర వల్లే. ఆపాలంటే డాక్టర్ ఆపాలి.
- ఒకసారి 170 వచ్చిందని కంగారుపడి ఇంకో మాత్ర వేయడం. ఒళ్లు బాగానే ఉంటే 5 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి, అప్పటికీ అంతే ఉంటే ఫోన్ చేసి అడగండి.
- తలనొప్పి వచ్చినప్పుడే కొలవడం. బీపీ ఎక్కువున్నా చాలామందికి ఏమీ తెలియదు.
- నోట్‌బుక్‌లో మంచి అంకెలే రాయడం. నాన్న ఇదే చేసేవారు, మేం టెన్షన్ పడతామని. ఇప్పుడు మెషీన్‌లోని మెమరీ కూడా చూస్తున్నాం.

3. మందులన్నీ ఒకే సంచిలో వేయండి

ఇంట్లో ఉన్నవన్నీ: బీపీ, షుగర్, నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు, ఆయుర్వేదం, హోమియో, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన కవరు పొట్లాలు కూడా. సంచితో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ముందు మీరు చూడాల్సినవి:

- రెండు వేర్వేరు పేర్లతో ఒకే మందు ఉందేమో. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. ఇద్దరు డాక్టర్ల దగ్గర చూపించుకునేవాళ్లలో ఇది మామూలే.
- నిద్ర మాత్రలు, మత్తు తెప్పించే జలుబు, దురద మాత్రలు, మూత్రం ఆగడానికి ఇచ్చే కొన్ని మాత్రలు పెద్దవాళ్లలో బుర్రను మొద్దుబారుస్తాయి. "వీటిలో తగ్గించగలిగినవి ఉన్నాయా?" అని అడగండి. నిద్ర మాత్రను మాత్రం హఠాత్తుగా ఆపకూడదు.
- రోజూ వాడే నొప్పి మాత్రలు చాలావరకు బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి.
- షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు ఏళ్ల తరబడి వాడే మాత్రలు బీ12ను తగ్గిస్తాయి. శాకాహారులైతే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే బీ12 తగ్గినా మరుపు, తూలు వస్తాయి.
- ఆస్పిరిన్ ఎవరు, ఎందుకు మొదలుపెట్టారో గుర్తుందా? గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు అది అవసరం కావచ్చు, ఆపకూడదు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు ముందుజాగ్రత్తగా వేసుకుంటే డిమెన్షియా తగ్గదనీ, రక్తస్రావం మాత్రం పెరుగుతుందనీ 2018లో వచ్చిన యాస్‌ప్రీ పరిశోధన చూపింది.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇంకో మాట. ఎక్కువ షుగర్ ఎంత చెడ్డదో, పెద్దవాళ్లలో పదే పదే పడిపోయే షుగర్ కూడా మెదడుకు అంతే చెడ్డది. ఏకాదశి, కార్తీక సోమవారం, రంజాన్, ఏ ఉపవాసమైనా మాత్రలు ఎలా వేసుకోవాలో వారం ముందే డాక్టర్‌ను అడగండి. తిండి మానేసి మాత్ర మాత్రం వేసుకునే అమ్మమ్మలు మన ఇళ్లలో చాలామంది. చెమటలు, వణుకు, తిక్కమాటలు కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి, 70 కంటే తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉంటే, మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ లేదా పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

4. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు

మొదట మీకు తెలిసిన జనరల్ ఫిజీషియన్ చాలు, అవసరమైతే ఆయనే న్యూరాలజిస్ట్‌కు రాస్తారు. మీ దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనూ బీపీ, షుగర్ చూసి మందులు ఉచితంగా ఇస్తారు. నెలనెలా ఖర్చుకు భయపడి మందు మానేయడం కంటే అక్కడ తీసుకోవడం వెయ్యి రెట్లు నయం.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- నోట్‌బుక్, నడక వీడియో
- 7 రోజుల బీపీ
- మందుల సంచి
- కళ్లద్దాలు, వినికిడి మెషీన్. ఇవి లేకుండా జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తే లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది.
- రోజూ ఇంట్లో ఉండే మనిషి. కారు నడపడానికి వచ్చిన అల్లుడు ఒక్కడే లోపలికి వెళ్తే సగం విషయాలు బయటే ఉండిపోతాయి.

సాధారణంగా రాసే పరీక్షలు: షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), సోడియం, పొటాషియం, థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్, ఈసీజీ. వీటిలో బయటపడే కొన్ని లోపాల వల్ల వచ్చే మరుపు సరైన వైద్యంతో తగ్గుతుంది కాబట్టి వీటిని దాటేసి నేరుగా స్కానింగ్‌కు పోకండి.

మనసు బాగాలేకపోయినా మరుపు వస్తుంది. భర్త పోయాక అమ్మ మారిపోయిందంటే, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. డిప్రెషన్‌కూ వైద్యం ఉంది.

జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో, ఆ మనిషి చదువుకు తగినట్టు చేయమని అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఇలాంటి పరీక్షలను తెలుగువాళ్లకు తగ్గట్టు మార్చి వాడారు. బడికి వెళ్లని మనిషిని ఇంగ్లిష్ నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటే ఆమె తడబడేది చదువు లేక, జబ్బు వల్ల కాదు.

ఎమ్మారై తీస్తే రిపోర్టులో మూడు మాటలు కనిపించవచ్చు. "వైట్ మ్యాటర్ మార్పులు" అంటే మెదడు భాగాలను కలిపే తీగలు దెబ్బతిన్న చోట్లు. "లాక్యూన్" అంటే సన్న నాళం మూసుకుపోయి ఏర్పడిన చిన్న గుంట. "మైక్రోబ్లీడ్" అంటే చుక్కంత రక్తం కారిన గుర్తు. వయసుతో కొద్దిగా మార్పులు చాలామందిలో ఉంటాయి. అడగాల్సింది ఇది: "ఈ వయసుకు ఇది మామూలా, ఎక్కువా? ఈవిడ ఇబ్బందులకు ఇవే కారణమా?" మైక్రోబ్లీడ్స్ ఉంటే రక్తం పల్చబడే మందుల గురించి ప్రత్యేకంగా అడగండి.

5. వంటింట్లో మొదట ఉప్పు డబ్బా

తిండి గురించి వంద సలహాలు దొరుకుతాయి. నేను ఒక్కదానితో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే దాన్ని కొలవొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఎదిగిన మనిషి ఎవరికైనా రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా. నెలకు మనిషికి 150 గ్రాములు, నలుగురుంటే 600 గ్రాములు. ఉప్పు ప్యాకెట్ మీద తెరిచిన తేదీ రాయండి. నలుగురి ఇంట్లో కిలో ప్యాకెట్ నెలకే అయిపోతుంటే తలకు రోజుకు 8 గ్రాములు దాటింది, ఆవకాయ, అప్పడం, బయటి టిఫిన్ ఇందులో కలపలేదు.

తగ్గించే వరుస:

- కంచం పక్కన ఉప్పు గిన్నె తీసేయండి. పెరుగన్నంలో, మజ్జిగలో ఉప్పు మానేయండి.
- పచ్చడి, అప్పడం, వడియం, చల్ల మిరపకాయ, ఎండు చేపల్లో ఒక పూటకు ఒకటే, అదీ కొద్దిగా.
- కూరలో ఉప్పు వారానికి కొంచెం తగ్గించుకుంటూ రండి. ఒక్కసారే తగ్గిస్తే పెద్దవాళ్లు తినడమే మానేస్తారు, అది ఇంకో సమస్య. చింతపండు, నిమ్మకాయ, కరివేపాకు, మిరియాలు రుచిని నిలబెడతాయి.

సైంధవ లవణం మంచిదని మార్చుకున్నవాళ్లు వినండి, అందులోనూ ఉన్నది ఎక్కువగా సోడియమే. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దాన్ని వాడకూడదు. నీరు పోవడానికి మాత్రలు వాడే పెద్దవాళ్లలో సోడియం మరీ పడిపోయే ప్రమాదమూ ఉంది, వాళ్లకు పూర్తిగా ఉప్పులేని తిండి సొంతంగా మొదలుపెట్టకండి.

మిగతాది క్లుప్తంగా: అన్నం కాస్త తగ్గించి కూర, పప్పు పెంచండి. ఆకుకూర రోజూ ఉండాలి. కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి.

6. నడక, కాళ్ల బలం

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత వేగంగా. ఒకేసారి కుదరకపోతే పది పది నిమిషాలుగా. అది మొదలుపెట్టే ముందు కుర్చీ పరీక్ష చేయండి: చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోగలరా? లేకపోతే నడకకంటే ముందు కాళ్లకు బలం కావాలి. గోడకు ఆనించిన కుర్చీలో రోజూ పదిసార్లు లేచి కూర్చోమనండి. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడమనండి, పక్కన మనిషి ఉండాలి.

నాన్నను మొదటి వారమే పార్కుకు తీసుకెళ్లి ఇరవై నిమిషాలు నడిపించాను. రెండో రోజు తూలి పడబోయారు, ఆ తర్వాత నెల రోజులు గడప దాటలేదు. ముందు కుర్చీ, తర్వాత వరండా, తర్వాత వీధి. ఆ వరుస దాటి తొందరపడకండి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే డాక్టర్ చూశాకే.

7. పొగ, గురక, చెవులు

చుట్ట, బీడీ, సిగరెట్ ఏదైనా సరే, మానడానికి వయసు దాటిపోలేదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట) తాగే అవ్వలకూ ఇదే మాట. తిట్టి మాన్పించలేరు, డాక్టర్‌ను అడిగితే మానడానికి మందులు, సలహా దొరుకుతాయి.

గురక మధ్యలో ఊపిరి ఆగినట్టై, ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తుంటే రాత్రిపూట వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బీపీని లొంగనివ్వదు.

చెవుల సంగతి చాలామందికి సంబంధం లేనట్టు అనిపిస్తుంది. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం మార్చగలిగే 14 కారణాలను చెప్పింది, వాటిలో అన్నిటికంటే ఎక్కువ వాటా ఉన్నవి వినికిడి లోపం, చెడు కొలెస్ట్రాల్. టీవీ శబ్దం పెరుగుతోందంటే పరీక్ష చేయించండి. మెషీన్ కొని సొరుగులో పెట్టడం మామూలుగా జరిగే తప్పు. మొదటి వారం ఇంట్లో గంటసేపు, తర్వాత రెండు గంటలు, అలా పెంచండి, గోల అనిపిస్తే సెట్టింగ్ మార్పించండి.

8. డబ్బు పోయకూడని చోట్లు

మెదడు నాళాలను శుభ్రం చేస్తామనే కషాయాలు, ఏడాదికి రెండుసార్లు ఎక్కించే "నరాల సెలైన్లు", జ్ఞాపకశక్తి పొడులు. జింకో అనే చెట్టు ఆకుల సారం డిమెన్షియాను ఆపదని అమెరికాలో పెద్ద పరిశోధనే చేసి 2008లో చెప్పారు. ఆ డబ్బుతో మంచి బీపీ మెషీన్, బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ, రాత్రిపూట వెలిగే చిన్న లైటు వస్తాయి.

కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే మరుపు వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాట విని చాలామంది మానేస్తున్నారు. పరిశోధనల్లో అది నిలబడలేదు. అనుమానముంటే డాక్టర్‌తో మాట్లాడండి, మీ అంతట ఆపకండి.

9. ఇంట్లో ఒక్కరి పేరు రాయండి

"అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరు. మందుల డబ్బా నింపేది ఎవరు, నెలకో వారం బీపీ రాసేది ఎవరు, మూడు నెలలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లేది ఎవరు, పేర్లు పెట్టుకోండి. దూరంగా ఉన్న కొడుకు బీపీ అంకెల ఫోటో తెప్పించుకుని లెక్క చూడొచ్చు, అదీ పనే.

ఇంకో సంగతి, ఇది నన్ను చాలా బాధపెట్టేది. చుట్టాలు వచ్చినప్పుడు "నాన్నా, వీళ్లెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టకండి. ఆయనకు అర్థమవుతుంది, సిగ్గుపడతారు, తర్వాత మనుషుల్లోకి రావడం మానేస్తారు. "నాన్నా, విజయవాడ అత్తయ్య వచ్చింది" అని మీరే చెప్పండి.

10. గోడ మీద అంటించాల్సిన కాగితం

నాళాలు దెబ్బతిన్నవాళ్లకు పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ రోజు వెతుక్కునే టైమ్ ఉండదు, ఈ పని ఇవాళే చేయండి. పెద్ద అక్షరాలతో ఇలా రాయండి:

- మూతి ఒక పక్కకు వంకర పోయిందా? రెండు చేతులూ ఎత్తితే ఒకటి జారిపోతోందా? మాట ముద్దగా వస్తోందా? హఠాత్తుగా తూలుతున్నారా, చూపు పోయిందా? ఒక్కటున్నా 108కి ఫోన్.
- ఆఖరుసారి బాగా ఉన్నప్పుడు చూసిన టైమ్: ______ (గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా 4.5 గంటల లోపే ఇస్తారు, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే.)
- నీళ్లు, కాఫీ, బీపీ మాత్ర, ఆస్పిరిన్ ఏవీ నోట్లో వేయకూడదు. నాళం మూసుకుపోయిందో, పగిలిందో స్కాన్ తీస్తే కానీ తెలియదు.
- నూనెతో మర్దన, పసరు మందు, తెల్లారాక చూద్దాం అనడం, ఏవీ వద్దు.
- రాత్రింబవళ్లు స్కాన్, ఆ ఇంజెక్షన్ రెండూ ఉన్న దగ్గరి ఆసుపత్రి: ______ (ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కుని రాయండి. దగ్గరుందని స్కాన్ లేని చోటికి వెళ్తే గంటలు పోతాయి.)
- వాడుతున్న మందులు, ముఖ్యంగా రక్తం పల్చబడేవి: ______
- పది నిమిషాల్లో తగ్గిపోయినా అదే రోజు ఆసుపత్రికి. అసలు పక్షవాతం తర్వాతి రెండు రోజుల్లో వచ్చే ప్రమాదం ఎక్కువ.

కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి, ఫోటో తీసి పిల్లలందరికీ, పక్కింటివాళ్లకూ, ఇంట్లో పనిచేసే అమ్మాయికీ పంపండి. మధ్యాహ్నం పూట నాన్న దగ్గర ఉండేది చాలా ఇళ్లలో ఆ అమ్మాయే కాబట్టి, ఒకసారి పక్కన కూర్చుని చదివి వినిపించండి.